ఖాళీ వంతెన మీద 40 ఎందుకు?

రాత్రి బాగా పొద్దుపోయాక హైదరాబాద్ రాయదుర్గంలో బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్ ఎక్కితే ముందూ వెనకా బండి కనపడదు. పగలు అడుగు తీసి అడుగు వెయ్యనివ్వని రోడ్డు అప్పుడు నున్నగా, ఖాళీగా ఉంటుంది. కారు కొత్తది, బ్రేకులు బాగున్నాయి, నడిపేవాడికి నిద్ర మత్తు లేదు. అయినా పక్కనున్న బోర్డు గంటకు 40 కిలోమీటర్లు దాటొద్దంటుంది. “60లో పోతే ఏమవుతుంది? పెరిగింది ఇరవయ్యే కదా!” మాదాపూర్, గచ్చిబౌలి వైపు కారు నడిపేవాళ్లలో ఈ మాట అననివాళ్లు తక్కువ.

అడగాల్సిన ప్రశ్నే ఇది. “రూలు కాబట్టి” అని జవాబు చెబితే కెమెరా ఉన్నచోట తగ్గించి, దాటగానే తొక్కుతారు. ఆ 40 వెనక ఉన్న లెక్క తెలిస్తే కెమెరా లేనిచోట కూడా కాలు దానంతటదే వెనక్కి వస్తుంది. ఆ లెక్కకు సూత్రాలు అక్కర్లేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందు ఒక ఘటన గుర్తు చేసుకోవాలి. ఈ జంక్షన్‌లో రెండో అంచె ఫ్లైఓవర్‌ను 2019 నవంబర్ 4న ప్రారంభించారు. అదే నెల 23న, శనివారం మధ్యాహ్నం, ఒక కారు వంపులో అదుపు తప్పి, అంచు గోడ దాటి కింది రోడ్డు మీద పడింది. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ చనిపోయారు. మరికొందరు గాయపడ్డారు. కారు నడుపుతున్న వ్యక్తి బతికారు. 40 దాటకూడని ఆ వంపులోకి కారు సుమారు 100 వేగంతో వచ్చిందని పోలీసులు చెప్పారు. వంతెన మూసేశారు, నిపుణుల కమిటీ వచ్చి చూసింది, వేగం తగ్గించే ఏర్పాట్లు చేశాక 2020 జనవరిలో మళ్లీ తెరిచారు.

చనిపోయిన ఆ తల్లి వంతెన ఎక్కలేదు, కారు నడపలేదు. కారు వేగం నడిపేవాడి సొంత వ్యవహారం అనుకునేవాళ్లు ఆమెను గుర్తుపెట్టుకోవాలి.

నాలుగు అరచేతుల మేర

కారుకీ రోడ్డుకీ మధ్య సంబంధం ఎంత మేర ఉంటుంది? మనుషులతో కలిపి 1300 కిలోలు తూగే మామూలు కారు తీసుకుందాం. టైర్లలో గాలి 32 కొట్టించాం. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా గాలి దాదాపు రెండుంబావు కిలోల బరువు మోస్తోంది. 1300ని రెండుంబావుతో భాగిస్తే 578 చదరపు సెంటీమీటర్లు. నాలుగు టైర్లకు పంచితే ఒక్కోదానికి సుమారు 145. మన అరచెయ్యంత!

కారు కదలడం, ఆగడం, తిరగడం అన్నీ ఈ నాలుగు అరచేతుల పట్టు మీదే జరుగుతాయి. లక్షలు పోసి కొన్న ఇంజనూ, బ్రేకులూ, కంప్యూటర్లూ ఈ రబ్బరు మచ్చల ద్వారానే రోడ్డుతో మాట్లాడాలి. ఈ పట్టును శాస్త్రంలో ఘర్షణ అంటారు. పొడి రోడ్డు మీద మంచి టైరు కారు బరువులో సుమారు 70 శాతం దాకా పట్టు ఇస్తుంది. మన కారుకు 910 కిలోలన్న మాట. రోడ్డు తడిస్తే అది 40 శాతానికి, అంటే 520 కిలోలకు పడిపోవచ్చు. టైరు అరిగితే ఇంకా తక్కువ.

వాన పడేటప్పుడు టైరు మీది గాళ్లు చేసే పని తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. రోడ్డు మీద అర సెంటీమీటరు నీళ్లున్నాయి, కారు 80 వేగంతో పోతోంది అనుకోండి. ఒక్కో టైరు ప్రతి సెకనూ 16 లీటర్లకు పైగా, అంటే ఒక బకెట్‌కు దగ్గరగా, నీళ్లను తన దారిలోంచి పక్కకు తొయ్యాలి. గాళ్లు లోతుగా ఉంటే నీళ్లు వాటిలోంచి పోతాయి. అరిగిపోతే పోవడానికి దారి ఉండదు. నీళ్లు టైరు కింద చేరి కారును ఎత్తేస్తాయి. దీన్ని నీటి జారుడు అనుకోవచ్చు, ఇంజనీర్లు ఆక్వాప్లేనింగ్ అంటారు. స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోవడమే దాని గుర్తు. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కకూడదు, స్టీరింగ్ గిరుక్కున తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే వేగం తగ్గి టైరు మళ్లీ రోడ్డును అందుకుంటుంది.

ఈసారి కారు దగ్గరికి వెళ్లినప్పుడు వంగి టైరు చూడండి. గాళ్ల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు కట్టలు అడ్డంగా కనిపిస్తాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ కట్టలతో సమానమైతే టైరు ఆయుష్షు అయిపోయినట్టు. కొత్త టైరులో గాడి లోతు 7, 8 మిల్లీమీటర్లుంటుంది. కొందరు “ఇంకా పదివేలు తిరుగుతుందిలే” అని వానాకాలం కూడా లాగించేస్తారు. కారు ఖర్చుల్లో దేన్నైనా వాయిదా వేసుకోవచ్చు గానీ దీన్ని వెయ్యకూడదు.

గాలి విషయంలోనూ ఒక దురభిప్రాయం పాతుకుపోయింది. ఎండాకాలం టైరు పేలుతుందని 32 బదులు 28 కొట్టిస్తారు. జరిగేది దానికి తలకిందులు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ పక్కలు ఎక్కువగా నలిగి, ఆ నలుగుడుకే వేడెక్కుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద మే నెల మధ్యాహ్నం పేలే అవకాశం దానికే ఎక్కువ. ప్రతి ఐదారు డిగ్రీల వేడికీ టైరులో ఒత్తిడి ఒక పాయింటు దాకా పెరుగుతుంది. కంపెనీ ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే అంకె ఇస్తుంది. డ్రైవర్ తలుపు పక్కన అతికించిన చీటీలో ఉన్న అంకెనే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి.

ఇసుక సంగతి కూడా చెప్పుకోవాలి. నిర్మాణాలు ఆగని ప్రాంతం ఇది. టిప్పర్ల నుంచి జారిన ఇసుక, కంకర రోడ్డు అంచున పేరుకుంటుంది. టైరుకూ తారుకూ మధ్య ఇసుక రేణువులు చేరితే అవి దొర్లుతాయి, టైరు వాటి మీద జారుతుంది. 2021 సెప్టెంబర్ 10న నటుడు సాయిధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి దాటి ఐకియా వైపు వస్తూ మోటార్ సైకిల్ మీంచి పడింది ఇలా ఇసుక ఉన్న చోటే. హెల్మెట్ ఉండటం ఆయన ప్రాణం కాపాడింది. నాలుగు చక్రాలున్నాయి కాబట్టి కారు పడిపోదు, కానీ వంపులో ఇసుక ఉంటే పక్కకు జారడం కారుకూ తప్పదు.

వంపు అడిగే వెల

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. వంపు తిరిగేటప్పుడు మనల్ని ఎవరో బయటికి తోస్తున్నట్టు ఉంటుంది. నిజానికి ఎవరూ తొయ్యరు. కదిలే వస్తువు తిన్నగానే పోవాలని చూస్తుంది. కారూ అంతే. టైర్లు దాన్ని ప్రతి క్షణం వంపు లోపలి వైపుకు లాగుతూ ఉంటేనే అది తిరుగుతుంది. లాగే శక్తి చాలకపోతే కారు తనకిష్టమైన తిన్నని దారినే పోతుంది. ఆ దారిలో వంతెన అంచు ఉంటుంది.

ఎంత శక్తితో లాగాలి? లెక్క కోసం 60 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు అనుకుందాం. ఏ ఒక్క వంతెనదీ కాదు, మలుపు ఎంత బిగుతుగా ఉందో ఊహించుకోవడానికి తీసుకున్న అంకె. మన 1300 కిలోల కారును ఆ వంపులో 40 వేగంతో తిప్పాలంటే టైర్లు సుమారు 270 కిలోల బరువుకు సమానంగా పక్కకు లాగాలి. పొడి రోడ్డు 910 దాకా ఇస్తుంది. తడి రోడ్డు 520 ఇస్తుంది. రెండింటిలోనూ నిశ్చింత.

వేగం 60కి పెంచండి. ఒకటిన్నర రెట్లు పెరిగింది కాబట్టి 270కి బదులు 405 కావాలనిపిస్తుంది. కాదు, సుమారు 610 కిలోలు కావాలి. వేగం ఎన్ని రెట్లు పెరిగితే కావలసిన లాగుడు అన్ని రెట్లను అన్ని రెట్లతో గుణించినంత పెరుగుతుంది. ఒకటిన్నరను ఒకటిన్నరతో గుణిస్తే రెండుంబావు. పొడి రోడ్డు మీద 610 దొరుకుతుంది, కారు తిరుగుతుంది. అందుకే “నేను రోజూ 60లోనే పోతాను, ఏం కాలేదు” అని అనగలుగుతున్నాం. తడి రోడ్డు ఇచ్చేది 520. ఆ రోజు, అదే వేగంలో, అదే మనిషి, అదే కారు తిరగదు.

100 వేగానికి వస్తే లాగుడు దాదాపు 1700 కిలోలు. ఏ రోడ్డూ, ఏ మామూలు టైరూ అంత ఇవ్వలేవు. డ్రైవర్ ఎంత అనుభవజ్ఞుడైనా అక్కడ చెయ్యగలిగింది ఏమీ లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా ముందు చక్రాలు తిరిగి నిలబడతాయి, కారు మాత్రం తిన్నగా పోతుంది.

రోడ్డు వేసేవాళ్లు వంపులో బయటి అంచును కొంచెం ఎత్తుగా వేస్తారు. అది కొంత సాయం చేస్తుంది గానీ ఆరు రెట్ల తేడాను పూడ్చలేదు. నగరంలో ఉన్న కాస్త జాగాలో, భవనాల మధ్య వంతెన ఇరికించాలంటే వంపు బిగుతుగానే వస్తుంది. ముందు వంపు ఖాయమవుతుంది, వేగ పరిమితి ఆ వంపులోంచి పుడుతుంది. 40 అనే అంకె వాన రోజుకీ, అరిగిన టైరుకీ, అంచున పోగుపడిన ఇసుకకీ సరిపోయేలా పెట్టినది. అయితే బోర్డు ఒక్కటి పెట్టి చేతులు దులుపుకోవడం కూడా తప్పే. తిన్నగా సాగిన రోడ్డు డ్రైవర్ చేత వేగం పెంచిస్తుంది. వంపుకు చాలా ముందే రంబుల్ స్ట్రిప్స్, హెచ్చరికలు, గట్టి అంచు గోడ ఉండాలి. కింద నిలబడినవాళ్ల ప్రాణం పైన వెళ్లేవాడి వివేకం మీద ఆధారపడకూడదు.

ఇంకో సంగతి. 910 కిలోల పట్టు అన్నాం కదా, అది తిరగడానికీ ఆగడానికీ కలిపి ఉన్న ఒకే ఖాతా. వంపు మధ్యలో భయపడి గట్టిగా బ్రేకు తొక్కితే ఆ ఖాతాలో చాలాభాగం బ్రేకు తీసేసుకుంటుంది, తిరగడానికి మిగలదు. కారు జారేది తరచూ అప్పుడే. వేగం తగ్గించాల్సింది వంపు రాకముందు, తిన్నని రోడ్డు మీద. వంపులోకి వచ్చాక కాలు తేలిగ్గా ఉంచి నడపాలి.

ఆగడానికి కావలసిన నేల

“బ్రేకులు బాగున్నాయి” అన్న ధీమా కూడా లెక్కకు నిలవదు. ఎదురుగా ఏదో కనిపించి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీదికి రావడానికి చురుకైనవాళ్లకు కూడా ఒక సెకను పడుతుంది. 40 వేగంలో ఆ సెకనులో కారు 11 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద మరో 9 మీటర్లు. మొత్తం 20. వేగం 60 అయితే 17కి 20 కలిపి 37 మీటర్లు. 100 అయితే 84.

ఇందులో దాగున్న భయంకరమైన సంగతి ఒకటుంది. మైండ్‌స్పేస్ దగ్గర ఒక కుర్రాడు ఫోన్ చూసుకుంటూ మీ కారుకు 20 మీటర్ల ముందు రోడ్డు మీదికి వచ్చాడనుకోండి. మీరు 40లో ఉంటే కారు సరిగ్గా అతని ముందు ఆగుతుంది. 60లో ఉంటే ఏ వేగంతో తగులుతుంది? 20 అని చాలామంది చెబుతారు. అసలు జవాబు సుమారు 55. మొదటి సెకనులోనే 17 మీటర్లు అయిపోయాయి, బ్రేకు పని చెయ్యడానికి మిగిలింది మూడు మీటర్లే. ఆ “ఇరవయ్యే కదా” అన్న తేడా ఒకరిని ఇంటికి పంపుతుంది, ఇంకొకరిని పంపదు.

ఫోన్ మనమే చూస్తుంటే ఆ సెకను రెండు, మూడు సెకన్లవుతుంది. సిగ్నల్ దగ్గర మెసేజ్‌కి జవాబిచ్చి, బండి కదిలాక కూడా ఓసారి స్క్రీన్ వైపు చూడటం ఇక్కడ అందరూ చేసే పని. 40 వేగంలో రెండు సెకన్లంటే 22 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. చక్రం పూర్తిగా బిగుసుకుపోకుండా బ్రేకును క్షణానికి ఎన్నోసార్లు వదిలి పట్టే ఏర్పాటు ఇది. బిగుసుకున్న చక్రం స్టీరింగ్ మాట వినదు, తిరుగుతున్న చక్రం వింటుంది. ఆపదలో ఏబీఎస్ ఉన్న బ్రేకును గట్టిగా తొక్కి పట్టాలి. పెడల్ కింద దడదడమని కొట్టుకుంటుంది. పాడైందనుకుని కాలు తీసేవాళ్లున్నారు, తియ్యకండి. ఆ దడ అది పని చేస్తోందన్న గుర్తు.

ఢీకొన్నాక

అన్నీ తప్పి కారు గోడకు గుద్దుకుంటే? 40 వేగంతో గుద్దుకోవడం ఎంతటిదో తెలియాలంటే ఎత్తుల్లో చూడాలి. అది రెండంతస్తుల మీంచి కింద పడటంతో సమానం. 60 అయితే దాదాపు ఐదంతస్తులు. 100 అయితే పదమూడు. రాయదుర్గంలోని ఏ ఆఫీసు టవర్‌లోనైనా పదమూడో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తే ఆ అంకె అర్థమవుతుంది.

ప్రాణం నిలబెట్టేది ఆగడానికి దొరికే దూరం. కారు ముక్కు నలిగిపోయేలా తయారు చేయడం నాసిరకం పని కాదు. అది నలిగిన అర మీటరులోనే లోపలి మనిషి మెల్లగా ఆగుతాడు. బెల్టు పెట్టుకుంటే 40 వేగంలో 70 కిలోల మనిషి మీద సుమారు 900 కిలోల ఒత్తిడి పడుతుంది. ఛాతీ, నడుము ఎముకలు దాన్ని తట్టుకోగలవు. బెల్టు లేకపోతే కారు ఆగినా మనిషి ఆగడు. స్టీరింగ్‌కో అద్దానికో కొట్టుకుని ఐదు సెంటీమీటర్లలో ఆగాలి. అప్పుడు ఒత్తిడి పది రెట్లు. మూడు చోట్ల పట్టే ఈ బెల్టును 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. కంపెనీ ఆ పేటెంట్‌ను అందరికీ వదిలేసింది. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ కారు బోల్తా పడినప్పుడు ఆయన బెల్టు పెట్టుకోలేదు, బయటికి విసురుగా పడిపోయారు. వెనక సీటుకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

ఒళ్లో పసిపిల్లను కూర్చోబెట్టుకుని ముందు సీట్లో ప్రయాణించే తల్లులకు ఒక్క మాట. 40 వేగంలో గుద్దుకుంటే పది కిలోల బిడ్డ ఆ క్షణంలో 125 కిలోలు తూగుతుంది. ఎంత ప్రేమ ఉన్నా ఆ బరువును చేతులు ఆపలేవు. పైగా ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటు కన్నా ముందే విచ్చుకుంటుంది, బిడ్డ దానికి ఎదురుగా ఉంటుంది. పిల్లల సీటు కొని వెనక బిగించండి.

బంపర్ ముందు ఇనప గార్డు బిగించి కారును కాపాడుతున్నాం అనుకుంటారు. నలగాల్సిన ముక్కును అది నలగనివ్వదు, గుద్దిన ఊపును చట్రానికీ, లోపలివాళ్లకూ పంపుతుంది. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే అదను కూడా చెడగొడుతుంది. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వీటిని తీయించాలని రాష్ట్రాలకు రాసింది. గీతలు పడని బంపర్ కోసం పక్కటెముకలు పణం పెట్టడం తెలివైన బేరం కాదు.

మోకాలి కిందే తేలే కారు

వానాకాలం సాయంత్రాలు ఈ ప్రాంతానికి వేరే పరీక్ష. ఆఫీసులన్నీ ఒకేసారి వదిలితే, వాన కూడా అప్పుడే పడితే రోడ్లు కాలవలవుతాయి. 2023 జులై వానలకు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలను విడతలవారీగా లాగౌట్ చెయ్యమని కోరారు. అంతకుముందు 2020 అక్టోబర్‌లో, ఒక్కరోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు, నగరంలో కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోవడం అందరం చూశాం.

టన్ను బరువున్న కారు ఎలా తేలుతుంది? చిన్న కారు అడుగు భాగం సుమారు 6 చదరపు మీటర్లు. ఆ అడుగును నీళ్లు తాకాక పెరిగే ప్రతి సెంటీమీటరుకూ 60 కిలోల చొప్పున కారును పైకి నెడతాయి. 17 సెంటీమీటర్లు పెరిగేసరికి 1000 కిలోలు దాటుతుంది. అడుగుకూ నేలకూ మధ్య ఉన్న 17 కలిపితే 34 సెంటీమీటర్లు. మోకాలి కిందే! తలుపు సందుల్లోంచి నీళ్లు లోపలికి కారేదాకా కారు తేలుతూనే ఉంటుంది. ఆలోపు టైర్ల పట్టు సున్నా. పక్కనుంచి ప్రవాహం ఉంటే ఎటు తోస్తే అటు పోతుంది.

తేలకపోయినా ఇంజను ప్రమాదంలో పడుతుంది. పిస్టన్ గాలిని నొక్కడానికి తయారైంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఎయిర్ ఫిల్టర్ దారిలోంచి సిలిండర్‌లోకి నీళ్లు వెళితే పైకి వస్తున్న పిస్టన్ రాతిగోడను గుద్దినట్టు ఆగి, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు వెళ్లే బస్సు లేపిన అల బానెట్ ఎత్తుకు వస్తే చాలు, రోడ్డు మీద నీళ్లు అంత లోతు లేకపోయినా ఇది జరగవచ్చు.

చాలా ఇంజన్లు నీళ్లలో ఆగినప్పుడు పాడైపోవు. ఆగాక, కంగారులో మళ్లీ మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కినప్పుడు పాడవుతాయి. మామూలు సమగ్ర బీమా ఈ ఖర్చును చాలాసార్లు ఇవ్వదు, ఇంజను రక్షణ అనే అదనపు కవర్ విడిగా తీసుకుని ఉండాలి. పాలసీ కాగితం వానాకాలానికి ముందే ఓసారి చదివి పెట్టుకోండి.

నీళ్లలో కారు ఆగిపోతే స్టార్ట్ చెయ్యకండి. న్యూట్రల్‌లో పెట్టి, పక్కవాళ్ల సాయంతో ఎత్తైన చోటికి తోయించి, బ్యాటరీ తీగ ఊడదీయించి, టోయింగ్ బండిని పిలవండి. నీళ్లు తలుపు సగం దాకా వస్తుంటే కారు సంగతి వదిలేసి, అద్దాలు కిందికి దించి, పిల్లల్ని ముందు బయటికి పంపి, మీరూ దిగిపోండి.